గంజాము సీమలో పెద్దల వెలుగు

గంజాము మండలమున, ముఖ్యముగా బరంపురములో, దీపావళినాటి సంధ్యవేళ రెండు విధములైన మంటలు కనబడును. ఒడియావారి వాకిట ఇంటి పెద్ద కుటుంబముతో కూడ నిలిచి, నార తీసిన జనపకఱ్ఱల కట్టను వెలిగించి, ఆకసమువంకకు ఎత్తి, గతించినవారిని గొంతెత్తి పిలుచును. తెలుగువారి వాకిట పిల్లలు గోగుకాడల చివర నూనెలో తడిపిన గుడ్డవత్తులు కట్టి వెలిగించి, వానిని నేలకు కొట్టుచు, రాబోవు నాగులచవితిని తలచు చిన్నపాట యొకటి పాడి, కాడలను పారవైచి, కాళ్లు కడుగుకొని లోనికి వచ్చి తీపి తిందురు. మొదటిదానికి ‘బడబడువా డాక’ అని పేరు. రెండవదానిని ‘దివిటీలు కొట్టుట’ యందురు. మొదటిది పితృకార్యమనియు, రెండవది బాలుర వేడుకయనియు లోకము తలచుచున్నది. ఈ రెండును ఒక్క కర్మమేయనియు, మన పిల్లలు నేలకు కొట్టుచున్నది మన పెద్దలకు చూపవలసిన త్రోవవెలుగనియు నా యభిప్రాయము. అందుకు గల హేతువులను ఇచట విన్నవించెదను.

ముందుగా పంచాంగపు చిక్కు నొకదానిని విడదీయవలసియున్నది. తెలుగువారు మాసమును అమావాస్యతో ముగింతురు; కావున మనకు దీపావళి ఆశ్వయుజ బహుళ అమావాస్య. ఒడియావారి వ్రతపర్వములు పూర్ణిమతో ముగియు మాసము ననుసరించును. కావున వారికదే కార్తికామావాస్య. నడుమ ఒక్క గోడ యున్న రెండిండ్లలో ఒకే రాత్రి రెండు వేర్వేరు మాసములలో గడచుచుండును. మన మహాలయపక్షము భాద్రపదమున వచ్చునని ఒకరును, ఆశ్వినమున వచ్చునని మరియొకరును వాదులాడుట బరంపురమున వింతకాదు. తిథి యొకటియే, పేరు మాత్రమే వేరు. ఈ సంగతి మరచి మాసనామములను బట్టి ఆచారములను పోల్చినవారు లేని భేదములను కల్పించిరి.

ఈ సీమలో రెండు భాషలు కలిసియుండుట నిన్నటి మాట కాదు. బరంపురము, ఛత్రపురము, ఇచ్ఛాపురము మొదలైనవన్నియు మదరాసు రాజధానిలోని ఒకే గంజాము జిల్లాకు చెందియుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు సరిహద్దు ఇచ్ఛాపురమునకు ఉత్తరముగా పడి, బరంపురము అటును ఇచ్ఛాపురము ఇటును నిలిచినవి. బరంపురపు పట్టుచీరలు నేయు డేరా కులమువారి పూర్వులు మహురి ప్రభువుల పిలుపుపై రాజమహేంద్రవరమునుండి వచ్చినట్లు చెప్పుకొందురు. గీత గీయబడినది గాని పండుగలు గీతను చూచి ఆగలేదు.

ఇక ఒడియావారి పిలుపును గమనింతము. ‘బడ’ యనగా పెద్ద; ‘బడబడువా’ యనగా పెద్దలకు పెద్దలైనవారు. వారిని చీకటిలో రమ్మనియు, వెలుగులో మరలిపొమ్మనియు, మహాప్రసాదము నారగించి పూరీ జగన్నాథాలయపు ఇరువదిరెండు మెట్లపై పొర్లుమనియు ఆ పిలుపులోని భావము. పిలుచువాడు అర్చకుడు కాడు, గృహస్థుడు. సంస్కృతము లేదు, తల్లిబాసయే. చిన్న పిల్లలు సైతము ఒక్కొక్క పుల్లను పట్టుకొని గొంతు కలుపుదురు. చచ్చినవారిని చీకటివేళ పేరుపెట్టి పిలుచుట యన్నచో మనవారు ఉలికిపడుదురు. వారికది ఊరినుండి వచ్చు తాతను స్టేషనులో ఎదుర్కొనుటవంటిది.

మన ఆచారమున పిలుపు లేదు. కాని ధర్మశాస్త్ర నిబంధములను చూచినచో దీని మొదలు తెలియును. కమలాకరభట్టు 1612లో ముగించిన నిర్ణయసింధువును, కాశీనాథోపాధ్యాయుడు 1790లో రచించిన ధర్మసింధువును దక్షిణదేశపు పురోహితులు నేటికిని ప్రమాణముగా గైకొందురు. సూర్యుడు తులారాశియందుండగా, చతుర్దశీ అమావాస్యల ప్రదోషకాలమున, నరులు చేత కొఱవులు పట్టి పితరులకు త్రోవ చూపవలెనని ఈ సంప్రదాయము విధించుచున్నది. మహాలయమునకై యమలోకము విడిచి వచ్చిన పితరులు ఈ ఉజ్జ్వలమైన వెలుగులో తమ మార్గమును కనుగొని మరలిపోదురని దాని తాత్పర్యము. దీనికే ఉల్కాదానమని పేరు. నరకచతుర్దశినాడు యమునకు పదునాలుగు నామములతో తర్పణము విడుచుటయు, కార్తికమాసమున ఎత్తున ఆకాశదీపము వ్రేలాడదీయుటయు దీనికి ఇరుప్రక్కల నిలిచిన ఆచారములు. నరకాసురవధ కథ ఎంత ప్రసిద్ధమైనను, ఆ రెండు దినములలో యముడును పితరులును ఆక్రమించిన చోటు చిన్నది కాదు.

కొందరు ‘ఈ దివిటీలు గంజాము తెలుగువారు ఒడియావారిని చూచి నేర్చినవి’ అందురు. ఇది నిలువదు. దివిటీలు కొట్టుట శ్రీకాకుళ విశాఖ మండలములలోనే కాక గోదావరీ కృష్ణా తీరములందును కలదు. అచట ఒడియా పొరుగు లేదు. అట్లని ఒడియావారు మననుండి నేర్చిరనుటయు తొందరపాటే. శాస్త్రము ఒకటి, పంట ఒకటి, ఋతువు ఒకటి. ఫలము రెండిండ్లలో రెండు రూపములు దాల్చినది. అచట మాట నిలిచినది, ఇచట మంట మాత్రమే మిగిలినది.

పంట అనుటకు కారణము కలదు. కళింగాంధ్రము గోగునారకు పేరొందిన సీమ. నెల్లిమర్ల, చిట్టివలస గోనెమిల్లులు ఈ నారను నమ్మియే వెలసినవి. గోగు వర్షర్తువులో పెరిగి, శరత్తున పూతకు వచ్చినపుడు కోతకు వచ్చును. కట్టలు కట్టి నీట నానవైచి నార వొలుచుకొనగా మిగిలిన పుల్ల తేలికగా, బెండువలె ఉండి, రెండెండలకే పెళపెళలాడును. నిప్పంటగానే పొగ యెక్కువ లేక భగ్గున మండి త్వరగా ఆరిపోవును. దీపావళినాటికి అది రైతు పెరటిలో ఉచితముగా దొరకు వస్తువు. నార తీసినదో తీయనిదో గోగుకాడ మన పిల్లల చేతికి వచ్చుటకును, జనపకఱ్ఱ ఒడియా గృహస్థు చేతికి వచ్చుటకును ఇదియే కారణము. చర్మము వొలిచిన పుల్ల దేహము విడిచిన జీవునికి గుర్తు అని కొందరు చేయు వ్యాఖ్యానము చక్కని కవిత్వమే గాని, చరిత్రకు అది అక్కరలేదు.

ఈ మాటకు బలము మిక్కిలి దూరమునుండి వచ్చుచున్నది. జపానులో ‘బోన్’ అను పితృపర్వమునాడు ఇంటి వాకిట రెండుమార్లు మంట వేయుదురు: పెద్దలు వచ్చునపుడు ఎదుర్కోలుమంట, పోవునపుడు సాగనంపుమంట. ఆ మంటకు వారు వాడునది ‘ఓగారా’, అనగా నార వొలిచిన జనుమువంటి మొక్క యొక్క ఎండుపుల్ల. క్యోటో నగరపు కొండలపై ఆగస్టు 16వ తేదీ రాత్రి వేయు సాగనంపుమంటలలో ముఖ్యమైనది ఒక అక్షరాకృతిని వెలుగును. ఆ అక్షరమునకు అర్థము ‘పెద్ద’. ఈ తుదిమాట కాకతాళీయమే, నవ్వుకొని విడువదగినది. కాని పుల్ల విషయము కాకతాళీయమని కొట్టివేయరాదు. ఒకరినుండి ఒకరు నేర్చుటచేత గాక, నారపంట గల దేశములందు అట్టి పుల్ల కోతల వెనుక సహజముగా చేతికందుటచేత ఈ సామ్యము కలిగినది.

కాంబోజమున కనబడునది వేరొక విధమైన బంధుత్వము. అచటి ‘ప్చుమ్ బెన్’ పర్వము పదునైదు దినములు సాగును. అది పడునది ‘ఫోత్రోబోత్’ మాసపు కృష్ణపక్షమున. ఆ పేరు మన భాద్రపదమే. ‘బెన్’ అనునది మన పిండశబ్దమే. మాసమును అమావాస్యతో ముగించుటలోను వారు మనవలెనే లెక్కింతురు. అనగా మన మహాలయపక్షమును వారి పర్వమును పేరుతో సహా సరిపోవును. పాపముచేత ప్రేతలైనవారు వెలుగును ఓర్వలేరని, తెల్లవారకముందే చీకటిలో అన్నపుముద్దలు విహారపు ఆవరణమున విసరుదురు. మనము వెలుగు చూపి పంపుదుము, వారు చీకటిలో అన్నము పెట్టుదురు. ఒడియా పిలుపులో చీకటియు వెలుగును రెండును కలవు. శబ్దము, మాసము, పక్షము మూడును కలిసినచోట ఇది భారతదేశమునుండి వెళ్లినదని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు.

పశ్చిమదేశముల ‘హాలోవీన్’ అక్టోబరు 31వ తేదీ రాత్రి. ఐర్లండులో పూర్వము ‘సౌన్’ అను పర్వముతో వేసవి ముగిసి చలికాలము ఆరంభమగుచుండెను. పశువులను కొండలనుండి దించి యింటికి తోలు కాలమది. ఆ రాత్రి లోకముల నడుమ తలుపు తెరచుకొనునని వారి నమ్మకము. జేమ్స్ ఫ్రేజర్ తన ‘గోల్డెన్ బౌ’ గ్రంథమున ఈ తేదీ సేద్యగాండ్రది కాదనియు పసులకాపరులదనియు చక్కగా నిరూపించెను. తరువాత క్రైస్తవసంఘము నవంబరు 1ని సకలపునీతుల పండుగగా నిర్ణయించినది. క్లూనీ మఠాధిపతి ఓడిలో 998 ప్రాంతమున నవంబరు 2ను మృతుల స్మరణకు కేటాయించెను. ఇంగ్లండులో నాడు బీదలు ఇల్లిల్లు తిరిగి, ఆ యింట గతించినవారికై ప్రార్థించి, ‘ఆత్మరొట్టె’ పుచ్చుకొనుచుండిరి. ఐర్లండువారు టర్నిపు దుంపను తొలిచి దీపము పెట్టిరి. అమెరికాకు వలసపోయి గుమ్మడికాయను తొలిచిరి. 20వ శతాబ్దిలో ఆ బీదల యాత్ర పిల్లల మిఠాయియాత్రగా మారిపోయినది.

ఇక్కడ మనము ఆగి చూడవలెను. మృతులకై పెద్దలు చేసిన కర్మము పిల్లల చేతికి దిగి, తీపితో ముగియుట అచటను ఇచటను జరిగినది. పిల్లలకు ఇచ్చినందున అది చెడిపోయినదని విచారించువారున్నారు. నేను అట్లనుకొనను. పెద్దలు తాము చేయుటకు జంకి మానివేసిన పనిని పిల్లలు కారణ మెరుగకయే కాపాడిరి. శ్రాద్ధములు మానిన ఇండ్లలోను దివిటీ మానలేదు. మెక్సికోలో మాత్రము నవంబరు 1, 2 తేదీలలో పెద్దలే ముందు నిలిచి, చనిపోయినవారికి బంతిపూలతో త్రోవ పరచుదురు. మన గుమ్మములకు దసరా దీపావళులలో విరగబూచు ఆ బంతి స్వస్థలము మెక్సికోయే యనుట ఎందరికి తెలియును!

శరత్తునే ఏల ఎన్నుకొనిరి? మన శాస్త్రములలో దీనికి భయంకరమైన సమాధానము కలదు. దేవీభాగవతము వసంత శరదృతువులు రెండింటిని యమదంష్ట్రలని పేర్కొని, రోగభయముచేతనే ఆ రెండు వేళల నవరాత్రవ్రతము విధించినది. శార్ఙ్గధరసంహిత కార్తికమున తుది ఎనిమిది దినములకును, మార్గశిరమున మొదటి ఎనిమిది దినములకును యమదంష్ట్ర యను పేరు పెట్టినది. గంజాము వారికి ఇది పుస్తకపు భయము కాదు. ఋషికుల్యా ముఖమున ఉన్న గంజాము పట్టణము ఒకప్పుడు జిల్లాకు ముఖ్యస్థానము. 1815 ప్రాంతమున విషజ్వరము చెలరేగి ఊరు పాడుపడగా ఆ గౌరవము పోయినది. తుపానులును అక్టోబరునే వచ్చును: 1999 అక్టోబరు మధ్యభాగమున బరంపురము ప్రాంతమును ఒకటి త్రొక్కినది, 2013 అక్టోబరు 12న దసరా సంబరముల నడుమ ఫైలిన్ గోపాలపురము వద్ద తీరము దాటినది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వద్ద దాటినది. వానలు వెనుదిరుగు వేళ సముద్రము ఇంకను వెచ్చగానుండుటయే దీనికి హేతువు.

యమదంష్ట్ర రెండని చెప్పితిని. బరంపురమున ఆ రెండవ కోర ‘బుఢీ ఠాకురాణీ’ యాత్ర. రెండేండ్లకొకమారు, చైత్రమున, సుమారు నెలదినములు జరుగు ఈ యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చును. ఆమెకు తండ్రి వరుసయైనవాడు డేరా కులపు పెద్ద ‘దేశిబెహరా’. మ్రొక్కుబడులున్నవారు నానావిధములైన వేషములు ధరించి వీధులలో తిరుగుదురు, పులివేషములు సరేసరి. పశ్చిమమున హాలోవీను ఒక్కరాత్రిలోనే ముసుగును మృతుని కలిపివేసినది. బరంపురము వానిని వేరుచేసి, వేషమును వసంతమున అమ్మవారికిని, వెలుగును శరత్తున పెద్దలకును ఇచ్చినది. ఈ విభాగము బుద్ధిమంతమైనదని నాకు తోచుచున్నది. ఇంటికి వచ్చు తాతను వేషము వేసికొని బెదరించుట దేనికి?

ఒక మినహాయింపు మాత్రము చెప్పక తీరదు. కళింగాంధ్రపు రైతుకుటుంబములలో పెద్దలకు క్రొత్తబట్టలు పెట్టి మ్రొక్కు ముఖ్యదినము సంక్రాంతి. దానినే పెద్దపండుగ యందురు. అది పుష్యమాసము, ధాన్యము గాదెకు చేరిన వేళ. కావున మృతులు శరత్తుననే వత్తురను నియమము సర్వత్ర చెల్లదు. శరత్తున వారికి కావలసినది వెలుగు, సంక్రాంతిని బట్టయు కూడును. ఇచ్చుటకు గాదెలో ధాన్యము లేని కాలమున రైతు గోగుపుల్లను వెలిగించి తృప్తిపరచెను.

2024లో దీపావళియు హాలోవీనును అక్టోబరు 31ననే పడినవి. అమెరికాలోని తెలుగుపిల్లలు ఆ సాయంకాలము గుమ్మడికాయ దీపముల నడుమ మిఠాయిసంచులు పట్టి ఇల్లిల్లు తిరుగుటకు కొన్నిగంటల ముందే, బరంపురపు వీధులలో పిల్లల గోగుకాడలు మండి ఆరిపోయినవి. ప్రక్కయింటి ఒడియా గృహస్థు తన పెద్దలను పిలిచి సాగనంపెను.