ఫాక్‌లాండ్ రోడ్ దాఖలా

ఊరికి వచ్చినప్పుడు బొంబాయిలో ఎక్కడుంటారని అడిగితే మావాళ్ళు "గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర" అంటారు. ఇంకా గుచ్చి అడిగితే "నాగ్‌పాడా వైపు" అంటారు. ఫాక్‌లాండ్ రోడ్ అన్న మాట మాత్రం నోట రానివ్వరు. పెళ్ళి సంబంధాల వేళ అయితే కామాఠీపుర కూడా మాయమైపోయి బైకలా అయిపోతుంది. సినిమాల పుణ్యమా అని ఆ పేర్లకు మీ దగ్గర ఒకటే అర్థం, వేశ్యావాడ అని. ఆ వీధిని అలా చేసిన ప్రభుత్వమే దాని పక్కన బడులూ పెట్టింది. ఆ రెండో కథ మీకెవరూ చెప్పలేదు గనుక నేను చెబుతాను.

లార్డ్ ఫాక్‌లాండ్ 1848 నుంచి 1853 దాకా బొంబాయి గవర్నరు. ఆ రోడ్డుకు ఇప్పుడు మరాఠీ తమాషా (జానపద నాటక) కళాకారుడు పఠ్ఠే బాపూరావు పేరు పెట్టారు, కానీ టాక్సీవాడికి పాత పేరు చెబితేనే తెలుస్తుంది. మనవాళ్ళు అంతకన్నా ముందే ఇక్కడికి చేరారు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేసి సముద్రపు పోటును ఆపాక, దీవుల మధ్య పల్లపు నేలలు మెల్లగా ఎండాయి. వాటిని పూడ్చడానికి, రాళ్ళు కొట్టడానికి, గోడలు లేపడానికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు కామాఠీలు. వాళ్ళు దిగిన చోటు కామాఠీపుర. గల్లీలకు పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఒకటో గల్లీ, రెండో గల్లీ అంటూ అంకెలే మిగిలాయి.

ఇక ప్రభుత్వం. ఈ వాడలోని మనుషుల పేర్లను అది శ్రద్ధగా రాసుకున్న తొలి పుస్తకాల్లో ఒకటి పోలీసులది. 1868 నాటి అంటురోగాల చట్టం కింద వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేరు నమోదు చేయించుకోవాలి, వైద్యపరీక్షకు హాజరు కావాలి, రోగం ఉంటే ఆస్పత్రిలో నిర్బంధంగా ఉండాలి. బ్రిటిష్ సైనికుల ఆరోగ్యం కోసం చేసిన చట్టమది. బొంబాయిలో 1870లో అమలు చేశారు, రెండేళ్ళకు ఆపారు, 1880లో మళ్ళీ తెచ్చారు, చివరికి 1888లో ఎత్తేశారు. చట్టం పోయినా అలవాటు పోలేదు. ఈ వృత్తి ఊరంతా పరుచుకోకుండా ఒకేచోట కంటికి కనపడేలా ఉంటే కాపలా తేలికని పోలీసులు అనుకున్నారు. యూరోపియన్ స్త్రీలుండే సుక్లాజీ వీధికి సఫేద్ గల్లీ అన్న పేరు అలాంటి రోజుల్లోనే వచ్చింది. "అక్కడి జనం అలాంటివాళ్ళు" అని మీరంటే నాకు కోపం వచ్చేది అందుకే. జనం కన్నా ముందు విధానం అలాంటిది.

అదే 1888లో బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం వచ్చింది. ప్రాథమిక పాఠశాలలు నడపడం, వాటికి సాయం చేయడం కార్పొరేషన్ తప్పనిసరి విధుల్లో ఒకటని అందులో రాశారు. మురికి కాలువల వరసలోనే బడులను కూడా చేర్చారన్నమాట. నాకు అదే నచ్చింది. చదువును దానధర్మాల పద్దులో కాకుండా నీళ్ళూ దీపాల పద్దులో వేశారు.

ఈ బుద్ధి పైనుంచి దానంతట అదే దిగిరాలేదు. ఆరేళ్ళ ముందు, 1882లో, హంటర్ విద్యా కమిషన్ ఎదుట పుణె నుంచి మాలి కులస్థుడొకడు వాఙ్మూలం ఇచ్చాడు. సర్కారు ఖజానాలో ఎక్కువ భాగం రైతుల చెమట, దానితో మీరు చదివించేది పైకులాల పిల్లల్ని అన్నాడు. పన్నెండేళ్ళ వయసు దాకా ప్రాథమిక విద్య నిర్బంధం చేయమన్నాడు. ఆయన జోతీరావు ఫూలే. ఇందులో మనకేం సంబంధం అంటారా? ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవాళ్ళలో తెలుగు గుత్తేదార్లు, వ్యాపారులు ఉన్నారు: రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలోజీ కాలేవార్, జాయా కరాడీ లింగు. రాళ్ళు మోసిన కులాల్లోంచి పైకొచ్చి, కట్టడాల కాంట్రాక్టులతో నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాళ్ళు. ఈ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో లేవు. మరాఠీ చరిత్రకారులు రాస్తారు గానీ, తెలుగువాళ్ళని ఒక ముక్క చెప్పి ముందుకు పోతారు. గుడి కట్టించే స్తోమత ఉన్న మనుషులు బడి గురించి మాట్లాడే మాలిని వెతుక్కుంటూ వెళ్ళారంటే, అప్పటికే ఈ వాడలో ఏదో తెలివి వచ్చిందన్నమాట.

నిర్బంధ విద్య మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. గోఖలే బిల్లు 1912లో ఇంపీరియల్ శాసనమండలిలో ఓడిపోయింది. విఠల్‌భాయ్ పటేల్ పట్టుబట్టి 1918లో బొంబాయి ప్రెసిడెన్సీలోని మునిసిపాలిటీలకు చట్టం సాధించాడు. బొంబాయి నగరానికి విడిగా 1920లో చట్టం చేశారు. తీరా 1925లో అమలుకు దిగినప్పుడు మొదట తీసుకున్నవి ఎఫ్, జి వార్డులు, అంటే పరేల్, దాదర్, వర్లీ వైపు మిల్లుల ప్రాంతం. కామాఠీపుర ఉన్నది ఇ వార్డులో. వర్లీలో నేతపని చేసే పద్మశాలి పిల్లవాడు బడికి రాకపోతే అధికారి ఇంటికి రావచ్చు, ఇక్కడ మేస్త్రి కొడుకు రాకపోతే అడిగేవాడు లేడు. ఒక గీత ఎక్కడ గీశారన్నదాని మీద ఒక తరం చదువు ఆధారపడింది. ఆ మధ్యలో, 1923లో, ఎస్.కె. బోలే బొంబాయి శాసనమండలిలో ఒక తీర్మానం నెగ్గించాడు. సర్కారు సొమ్ముతో నడిచే బావులు, సత్రాలు, బడులు, ఆస్పత్రులు అంటరానివారికీ తెరవాలని. కాగితం మీద తెరిచారు. మా మాదిగ పిల్లలు బడి గది లోపల ఎక్కడ కూర్చోవాలన్నది చాలాకాలం మాస్టరు దయమీదే ఉంది.

ఇప్పుడు దీని పక్కన మన ఊళ్ళ సంగతి పెట్టి చూడండి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది, దేశభాషలో ఉన్నత విద్య అని గొప్ప పేరు. ఆ దేశభాష ఉర్దూ. ప్రజల్లో పెద్ద భాగం తెలుగువాళ్ళైన రాజ్యంలో తెలుగు బడి పెట్టుకోవాలంటే ప్రైవేటుగా, అదీ సర్కారు అనుమతితో. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ కూడినప్పుడు పెద్దల గోడుల్లో ఇదొకటి. 1951 జనగణన నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాలు వచ్చినవాళ్ళు పదిశాతం లోపే. అదే బొంబాయిలో కార్పొరేషన్ తన బడుల్లో తెలుగు మాధ్యమం కూడా నడిపింది. నేటికీ ఆ జాబితాలో ఎనిమిది భాషలున్నాయి: మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, కన్నడం, తమిళం, తెలుగు. పాలమూరులో ఉండిపోయిన అన్నకు ఏ అక్షరమూ రాలేదు. కూలికి పోయిన తమ్ముడి కొడుకు పరాయి ఊళ్ళో తెలుగు వాచకం చదివాడు. మీరు మమ్మల్ని చూసి అయ్యో అనుకున్న రోజుల్లోనే ఇది జరిగింది.

పొగడ్త అక్కడికి చాలు. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపు మీద మొదలైన మిల్లుల సమ్మె రెండున్నర లక్షల మంది బతుకును కుదిపేసింది. ఆ తర్వాత చాలా తెలుగు కుటుంబాలు భివండీకో, ఠాణా వైపో పోయాయి. మిగిలినవాళ్ళు ఫీజు కట్టగలిగితే ఇంగ్లీషు బడికి పంపారు. తెలుగు మాధ్యమం తరగతులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఎవరినీ తప్పు పట్టను, మా పిల్లలూ ఇంగ్లీషు బడికే పోయారు.

మా గల్లీ చివర ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళ పిల్లల సంగతి వేరు. వాళ్ళు బడి గుమ్మం దగ్గర ఆగిపోయేది తండ్రి పేరు రాయాల్సిన గడి దగ్గర. ఇలాంటి పిల్లలకు ప్రత్యేక బడులు, హాస్టళ్ళు పెట్టించమని గౌరవ్ జైన్ అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1989లో కోర్టు ప్రత్యేక బడులు వద్దంది. అలా చేస్తే ఆ ముద్ర జీవితాంతం ఉంటుంది, అందరితో కలిపి చదివించండి అంది. అది సరైన మాట అని నా నమ్మకం. అయితే కలిసి చదవాలంటే సాయంత్రం ఆరు తర్వాత ఆ పిల్లలు ఎక్కడ ఉండాలి? తల్లికి పని మొదలయ్యే వేళ అది. ఆ ప్రశ్నకు ఒక జవాబు కోర్టు కన్నా ముందే వచ్చింది. 1988లోనే ప్రేరణ అనే సంస్థ కామాఠీపురలో రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచింది. పిల్లలు అక్కడే తిని, చదువుకుని, పడుకుని పొద్దున్నే బడికి పోయే ఏర్పాటు. గడి సంగతి మరీ నెమ్మది. 2024 మే 1న, ఆ తర్వాత పుట్టినవారికి మహారాష్ట్రలో ప్రభుత్వ కాగితాల్లో తల్లి పేరు తప్పనిసరి అయింది.

2022 మే నెలలో ఇంకో మలుపు. బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు, చిరునామా రుజువు లేని సెక్స్ వర్కర్లకు ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ఇచ్చే ధ్రువపత్రం మీద ఆధార్ ఇవ్వాలంది. వారి వృత్తి బయటపడేలా ఆధార్ నమోదు సంఖ్యలో ఏ సంకేతమూ ఉండకూడదని కూడా చెప్పింది. 1870లో ఆరోగ్యం పేరుతోనే పేరు రాసుకున్నారు, శిక్షించడానికి. ఇప్పుడు ఆరోగ్య శాఖ మాట మీదే రేషన్, ఓటు వరకు దారి తెరిచారు.

మళ్ళీ మా చాల్‌కు (వరస గదుల అద్దె ఇంటికి) వస్తాను, ఎందుకంటే అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఇక్కడ ప్రతి ఇంట్లో ఇనప్పెట్టె అడుగున ఒక కాగితం కోసం వెతుకులాట ఉంటుంది. దాన్ని దాఖలా అంటారు, అంటే బడి విడిచినప్పుడు ఇచ్చే సర్టిఫికెట్. అందులో పేరు, పుట్టిన తేదీ, కులం ఉంటాయి. మహారాష్ట్రలో షెడ్యూల్డ్ కులం ప్రయోజనాలు కావాలంటే 1950 ఆగస్టు 10కి ముందు మీ వంశం ఈ నేలమీద ఉందని చూపాలి. తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీలకు 1967 అక్టోబరు 13. చూపించడానికి పేదవాడి దగ్గర ఏముంటుంది? భూమి పట్టా లేదు. చాల్ అద్దె రసీదులో కులం ఉండదు. ఉండేది బడి రిజిస్టరులోనే. తాతను ఎవరో ఒక మాస్టరు బడిలో చేర్చుకుని, కులం అన్న చోట "మాదిగ" అని రాసి ఉంటే మనవడికి సీటు. అదే మాస్టరు బద్ధకించి "తెలంగీ" అనో "కామాఠీ" అనో రాసి ఉంటే ఏళ్ళ తరబడి కుల పరిశీలన కమిటీ చుట్టూ తిరుగుడు. తాత అసలు బడికే పోకపోతే ఏమీ లేదు. ఇ వార్డులో నిర్బంధ విద్య ఆలస్యమైన సంగతి ఇందాక చెప్పాను కదా, దాని వడ్డీ ఇప్పుడు కడుతున్నాం.

చిత్రమేమిటంటే మహారాష్ట్ర షెడ్యూల్డ్ కులాల జాబితాలో మాల, మాదిగ, బిండ్ల, బ్యాగర, డక్కల్, సిందోళ్ళు అన్నీ ఉన్నాయి. మన కులాలు ఉన్నాయి, మేమే లేం. దీని మీద పెద్ద కేసు వేసింది కూడా తెలుగువాడే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టాడు, ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగ. తండ్రి ఎరువుల సంస్థ ఉద్యోగం మీద బొంబాయి వస్తే, తొమ్మిదేళ్ళ వయసులో కూడా వచ్చాడు. ఇక్కడే చదివి సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో రిజర్వుడు సీటు అడిగాడు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం కాదంది. 341, 342 అధికరణాల్లో కులాలనూ తెగలనూ "ఆ రాష్ట్రానికి సంబంధించి" గుర్తించారు, ఒక చోటి వెనుకబాటు ఇంకో చోట అదే కాకపోవచ్చు, వలస వచ్చినవారికి ఇస్తే ఇక్కడివారి వాటా పోతుంది అని తర్కం. ఆ చివరి మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. మొదటి మాటే మింగుడుపడదు. రైలెక్కగానే మాదిగతనం ప్లాట్‌ఫారం మీద దిగిపోదు. కామాఠీపురలో ఏ చాల్‌లో ఎవరికి గది దొరుకుతుందో మొన్నమొన్నటి దాకా కులమే చెప్పేది.

మా ఇంట్లోనే చూడండి. మా మామగారి తండ్రి 1930లలో మునిసిపల్ బడిలో నాలుగు తరగతులు చదివాడు, దాఖలా ఉంది. అందుకని మా బావమరిది కొడుకు ఎస్సీ కోటాలో ఇంజనీరింగ్ చదివాడు. నేను పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ పెళ్ళి చేసుకున్నవాణ్ణి. కులం తండ్రి వైపు నుంచి చూస్తారు గనుక నా కూతురు ఓపెన్ కేటగిరీ. అక్కా తమ్ముళ్ళ పిల్లలు, ఒకే గోడకు అటూ ఇటూ పెరిగారు. ఆ పిల్ల దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళితే, గుమాస్తా మర్యాదగానే చెప్పాడు, "మీ గావ్‌లో ట్రై చేయండి" అని.

మీరూ అదే అంటారు, తెలంగాణకు పంపండి అని. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఎవరు స్థానికులో చెప్పింది. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలన్నది అందులోని ప్రధానమైన కొలత. నా కూతురు ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా గ్రాంట్ రోడ్ అవతలి బడిలో చదివింది. ఎస్సీగా మీ జాబితాలో ఆమె ఉంది, స్థానికురాలిగా లేదు. ఇక్కడ పుట్టి పెరిగింది, ఇక్కడి జాబితాలో లేదు. ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే జూన్‌లో చిన్నదాని అడ్మిషన్ ఉంది.