సున్నాలన్నీ కూడితే రెండు వందల జీబీ

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఒక తమాషా ఉంది. డేటాకు రోజూ రాత్రి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఉన్న రూపం, తీస్తున్నారనుకోండి. జాబితా అడిగితే ఒక్కోటి ఎంత చోటు తింటోందో పక్కనే చూపిస్తుంది. సోమవారంది సున్నా, మంగళవారంది సున్నా, మహా అయితే కొన్ని కేబీలు. ఏమీ తినడం లేదు కదా, పడి ఉండనీ అనుకుంటాం. ఆ రెండింటినీ తీసేస్తే మాత్రం డిస్కులో 200 జీబీ ఖాళీ అవుతుంది! ఇది బగ్ కాదు. చూపించిన లెక్క అక్షరాలా నిజం.

జరిగింది ఇదీ. సోమవారం పగలు ఎవరో 200 జీబీ వీడియో తెచ్చి పెట్టారు. సోమ, మంగళవారాల రాత్రి స్నాప్‌షాట్లు రెండింటిలోనూ అది పడింది. బుధవారం దాన్ని డిలీట్ చేశారు. జాబితా చెప్పేది 'ఈ ఒక్కదాన్నే తీసేస్తే ఎంత చోటు వస్తుంది' అన్న లెక్క. ఒకటి వదిలినా రెండోది ఆ వీడియో ఉన్న డిస్కు ముక్కలను, అంటే బ్లాకులను, పట్టుకునే ఉంటుంది కాబట్టి జవాబు సున్నా. అన్నదమ్ముల ఉమ్మడి పొలం ఎవరి సొంత ఖాతాలోనూ కనబడదు, అంతమాత్రాన ఊళ్లో లేకుండా పోదు. సోమవారం స్నాప్‌షాట్ తీసేసి మళ్లీ జాబితా చూడండి, మంగళవారం పక్కన 200 జీబీ ప్రత్యక్షమవుతుంది.

ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు ఒకటే కుతూహలం. స్నాప్‌షాట్లకు ఎంత చోటు కేటాయించాలో మొదట ఎవరు లెక్కగట్టారు, ఏం చూసి గట్టారు?

టేపుల రోజుల్లో ఈ చిక్కు లేదు. ఐబీఎం 1952లో 726 టేప్ యంత్రాన్ని ప్రకటించింది. ఆ తర్వాత కంప్యూటర్ గదుల్లో తాత, తండ్రి, కొడుకు పద్ధతి స్థిరపడింది: నేటి టేపు కొడుకు, నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. మూడు తరాలు ఉంచాలంటే మూడింతల టేపు, అంతే. ఆ లెక్కలోనూ ఒక దొంగ ఉన్నాడు. 2400 అడుగుల రీలు మీద అంగుళానికి 1600 అక్షరాల చొప్పున రాస్తే 46 ఎంబీ పట్టాలి. కానీ టేపు ఆగి కదలడానికి రికార్డుకూ రికార్డుకూ నడుమ 0.6 అంగుళం ఖాళీ వదలాలి. 80 అక్షరాల కార్డును విడివిడిగా రాస్తే డేటా పట్టేది 0.05 అంగుళం, ఖాళీ దానికి పన్నెండింతలు. అంటే రీలులో పదోవంతు కూడా డేటా ఉండదు! కార్డులను కట్టలు కట్టి రాయాలని ఆపరేటర్లు నేర్చుకున్నది ఇలాగే. డేటా పరిమాణం వేరు, అది పట్టడానికి కావలసిన చోటు వేరు అన్న పాఠం అక్కడే మొదలైంది.

డెబ్బయ్యో దశకంలో ఐబీఎం వాళ్ల సిస్టమ్ ఆర్ డేటాబేస్ పాత పేజీని చెరపకుండా కొత్తదాన్ని మరోచోట రాసే పద్ధతిని వాడింది. రేమండ్ లోరీ 1977లో దాన్ని వివరించాడు. ఎనభయ్యో దశకంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు ఆండ్రూ ఫైల్ సిస్టమ్ వచ్చింది. మన ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ దాని నిర్మాతల్లో ఒకరు. డేటా మొత్తాన్ని కాపీ చేయకుండా వాల్యూమ్‌ను క్లోన్ చేసే సదుపాయం అందులో ఉంది. ఇక్కడిదాకా పరుగున వచ్చేశాను, ఎందుకంటే నా మనసంతా తర్వాతి మజిలీ మీదే ఉంది.

న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో, బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్‌ను పుట్టించిన కెన్ థాంప్సన్, అతని సహచరులు ఎనభయ్యో దశకం చివర్లో ప్లాన్ 9 అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టారు. వాళ్ల ఫైల్ సర్వర్‌లో 27 జీబీ మామూలు డిస్కు, వెనకాల 350 జీబీ ఆప్టికల్ డిస్కుల జూక్‌బాక్స్ ఉండేవి. ఆ ఆప్టికల్ డిస్కు మీద ఒకసారి రాస్తే రాసినట్టే, చెరపడం కుదరదు. రోజూ తెల్లవారుజామున 5 గంటలకు ఫైల్ సిస్టమ్ కాసేపు ఆగి, క్రితం రోజు నుంచి మారిన బ్లాకులన్నిటినీ జూక్‌బాక్స్‌కు పంపే పని పెట్టుకునేది. ప్రోగ్రామర్లు నిద్రపోయే ఏకైక వేళ అదే అయి ఉంటుందని నా ఊహ. 1995 మార్చి 15 నాటి ప్రపంచం కావాలంటే ఆ తేదీ పేరున్న డైరెక్టరీలోకి వెళ్లడమే. 'ఎస్టర్‌డే' అని కమాండే ఉండేది, ఫైలు పేరిస్తే దాని నిన్నటి ప్రతి ఎక్కడుందో చెప్పేది. ప్రోగ్రామ్‌లో కొత్తగా తప్పు వస్తే పాత తేదీలు ఒక్కొక్కటే తిరగేసి ఏ రోజు చెడిందో పట్టుకునేవారు.

మరి చోటు? డిలీట్ చేయలేని యంత్రానికి లెక్కలో మిగిలింది ఒక్కటే: రోజుకు ఎంత మారుతోంది, ఈ పెట్టె ఎన్నాళ్లకు నిండుతుంది? సమాధానం వాళ్లకు హాయినిచ్చింది. వాళ్ల డేటా పెరిగే వేగం కన్నా డిస్కుల సామర్థ్యం పెరిగే వేగమే ఎక్కువ. ఆ గుంపులోని షాన్ క్విన్లన్, షాన్ డోర్‌వర్డ్ 2002లో 'వెంటి' అనే నిల్వ పద్ధతిని ప్రకటించారు. ఒకే రకం బ్లాకు ఎన్నిసార్లు వచ్చినా అందులో ఒక్కసారే నిల్వ చేస్తారు. మామూలు డిస్కు మీదే దేన్నీ ఎప్పటికీ చెరపకుండా ఉంచేయవచ్చన్నది వాళ్ల వాదన.

ఆ వాదన ఓడిపోయింది, నాకు ఇప్పటికీ బాధే. ఈ రోజుల్లో ఆఫీసులో నిన్నటి ఫైలు కావాలంటే టికెట్ పెట్టాలి, మేనేజర్ ఆమోదించాలి, ఎక్కడో రాత్రి షిఫ్టులో ఉన్న స్టోరేజ్ అడ్మిన్ తీసివ్వాలి. ముప్పై ఏళ్ల క్రితం అది ఎవరైనా టైప్ చేసుకోగలిగిన ఒక్క మాట.

ప్లాన్ 9 నడుస్తున్న కాలంలోనే కాలిఫోర్నియాలో ముగ్గురు 1992లో నెట్‌వర్క్ అప్లయన్స్ అనే కంపెనీ పెట్టారు. తర్వాత అది నెట్‌యాప్ అయింది. ఆ ముగ్గురు డేవిడ్ హిట్జ్, జేమ్స్ లా, మైకేల్ మాల్కమ్. వీరిలో హిట్జ్ కథ వేరు. పశువుల క్షేత్రంలో పని చేస్తూ చదువుకునే డీప్ స్ప్రింగ్స్ కాలేజీ నుంచి వచ్చినవాడు. 2009లో ఆత్మకథ రాసి దానికి 'హౌ టు క్యాస్ట్రేట్ ఎ బుల్' అని పేరు పెట్టాడు. ఆబోతుకు విత్తులు కొట్టే విధానం నిజంగానే అందులో ఉంది, వ్యాపారంలో తెగువ గురించి చెప్పడానికి.

ఈ ముగ్గురూ 1994లో యూజ్‌నిక్స్ సభకు సమర్పించిన వ్యాసంలోనే 'వాఫిల్' ఫైల్ సిస్టమ్ వివరం ఉంది. డిస్కులోని ప్రతి 4 కేబీ బ్లాకుకూ 32 బిట్ల చీటీ ఒకటి. మొదటి బిట్ వెలిగితే బ్లాకు ఇప్పటి ఫైళ్లలో ఉన్నట్టు, తర్వాతి బిట్ వెలిగితే ఒక స్నాప్‌షాట్‌కు కావాలన్నట్టు, ఆ పక్కది ఇంకోదానికి. ఒకేసారి 20 స్నాప్‌షాట్ల దాకా ఉంచుకోవచ్చు. చీటీలో బిట్లన్నీ ఆరితేనే బ్లాకు ఖాళీ అయినట్టు. జెడ్‌ఎఫ్‌ఎస్ లెక్కపెట్టే తీరు వేరైనా, మన సున్నాల తమాషా మూలం ఇక్కడే దొరుకుతుంది: రెండు బిట్లు వెలిగిన బ్లాకుకు ఒక్కటి ఆర్పితే ఒరిగేదేమీ లేదు. ఇంతా చేసి ఈ చీటీల ఖర్చు జీబీకి ఒక్క ఎంబీ. ప్రతి డైరెక్టరీలోనూ '.స్నాప్‌షాట్' అనే కనబడని తలుపు పెట్టారు. పొరపాటున ఫైలు చెరిపినవాడు తనంతట తానే అందులోకి వెళ్లి తెచ్చుకోవచ్చు.

ఎంత చోటు అన్న ప్రశ్నకు ఆ వ్యాసం అనుభవం మీద జవాబిచ్చింది: చాలా చోట్ల డిస్కులో 10 నుంచి 20 శాతం. నెట్‌యాప్ యంత్రాల్లో స్నాప్‌షాట్లకు ముందే కేటాయించే వాటా చాలా ఏళ్లపాటు 20 శాతంగా ఉండిపోయింది. ఆ యంత్రాల అలవాటు షెడ్యూలు చూస్తే ఈ అంకె ఎవరిదో తెలుస్తుంది: ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, రాత్రి 8. ఆఫీసుకొచ్చి ఉత్తరాలు, ప్రోగ్రాములు, డ్రాయింగులు దిద్దుకునే మనుషుల పనివేళలవి. అదే అంకెను రాత్రింబవళ్లు తిరగరాసుకునే డేటాబేస్‌కూ తగిలించారు. తర్వాతి తరం నెట్‌యాప్‌లో వాటా 5 శాతానికి దిగింది. 20 అయినా 5 అయినా మీ డేటాను చూసి పెట్టిన అంకె కాదు.

చూడాల్సింది ఏమిటంటే, ఒక స్నాప్‌షాట్‌కూ తర్వాతిదానికీ నడుమ పాత బ్లాకులు ఎన్ని మారాయి లేదా పోయాయి అన్నది. ఎన్ని రాతలు జరిగాయన్నది కాదు. ఒకే బ్లాకును వందసార్లు తిరగరాసినా నిలబెట్టాల్సిన పాత ప్రతి ఒక్కటే. ఒక డేటాబేస్ రోజూ అదే 20 జీబీని తిరగరాస్తుందనుకోండి. వారానికి ఒక్క స్నాప్‌షాట్ తీస్తే వారం తిరిగేసరికి పాత ప్రతులకు పట్టేది 20 జీబీ. రోజూ తీసి ఏడింటిని ఉంచితే 140. డేటా మారలేదు, పని మారలేదు, షెడ్యూలు ఒక్కటే మారింది. పీటర్ డెనింగ్ 1968లో ఇలాంటి ప్రశ్ననే మెమరీ విషయంలో అడిగాడు: ఇంత వ్యవధిలో ప్రోగ్రామ్ ఎన్ని వేర్వేరు పేజీలను తాకింది? స్టోరేజ్ అమ్మేవాళ్లు శాతాల పట్టికకు బదులు ఆ ప్రశ్నను పట్టుకుని ఉంటే ఎన్ని అర్ధరాత్రి ఫోన్లు తప్పేవో!

అంచనా తప్పితే ఎవరి మీద పడుతుందన్నదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. నెట్‌యాప్‌లో స్నాప్‌షాట్లు తమ వాటా దాటి పక్క చోటును ఆక్రమిస్తాయి. రిజర్వు 140 శాతం నిండిందని తెర మీద కనబడితే యంత్రం చెడలేదని అర్థం చేసుకోవాలి. ఆ స్థితిలో కంగారుపడి ఫైళ్లు డిలీట్ చేస్తే చోటు పెరగదు, ఆ బ్లాకులు స్నాప్‌షాట్ల ఖాతాలోకి వెళతాయంతే. లైనక్స్ పాత ఎల్‌వీఎంలో స్నాప్‌షాట్‌కు ఇచ్చిన చోటు నిండితే ఆ స్నాప్‌షాటే చెల్లకుండా పోతుంది. విండోస్ సర్వర్ 2003తో వచ్చిన షాడో కాపీలు వాల్యూమ్‌కు గరిష్ఠంగా 64, వాటా మామూలుగా 10 శాతం; హద్దు దాటితే అన్నిటికన్నా పాతదాన్ని విండోస్ చప్పుడు చేయకుండా చెరిపేస్తుంది. ఇందులో ఒక విచిత్రం. షాడో కాపీ 16 కేబీ బ్లాకుల్లో లెక్కిస్తుంది, డిస్కు క్లస్టర్ మామూలుగా 4 కేబీ. డీఫ్రాగ్ నడిపితే డేటాలో ఒక్క అక్షరం మారకపోయినా, బ్లాకులు చోటు మారడాన్నే మార్పుగా తీసుకుని పాత ప్రతులు గబగబా పేరుకుంటాయి. డిస్కును సర్దబోయి నిన్నటి ఫైళ్లను పోగొట్టుకున్న ఆఫీసులున్నాయంటే ఆశ్చర్యం లేదు. క్లస్టర్ 16 కేబీ పెట్టుకొమ్మని మైక్రోసాఫ్ట్ సలహా ఇచ్చింది.

జెఫ్ బాన్‌విక్, మాథ్యూ అహ్రెన్స్ సన్ కంపెనీలో 2001లో మొదలుపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ 2005లో బయటికొచ్చింది. వాఫిల్ పేటెంట్లను ఉల్లంఘించిందంటూ నెట్‌యాప్ 2007లో సన్‌పై దావా వేసింది. సన్‌ను ఒరాకిల్ కొన్నాక, 2010లో ఇద్దరూ వ్యాజ్యాలు మానుకున్నారు. ఆ తర్వాత జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఒక మంచి అలవాటు వచ్చింది. ఫలానా స్నాప్‌షాట్ నుంచి ఫలానాదాకా అని వరస చెప్పి ఉత్తుత్తిగా డిలీట్ చేయమంటే, దేన్నీ చెరపకుండా ఎంత చోటు వస్తుందో మాత్రం చెబుతుంది. సోమ, మంగళవారాలు కలిపి అడిగితే 200 జీబీ అంటుంది.

ఇక ఈ లెక్కల్ని అందరికన్నా బాగా చదువుకున్నది రాన్సమ్‌వేర్ ముఠాలు. ఫైళ్లన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేస్తే ప్రతి బ్లాకూ మారిపోతుంది, 10 శాతం వాటా ఏ మూలకూ చాలదు. ఆ నింపుడు కోసం ఎదురుచూసే ఓపిక కూడా వాళ్లకు లేదు. షాడో కాపీలను నేరుగా చెరిపే కమాండ్‌తో పాటు, 2018లో బయటపడ్డ ర్యూక్ అనే రాన్సమ్‌వేర్ ఇంకో ఉపాయం వాడింది. షాడో కాపీల వాటాను 401 ఎంబీకి కుదించమని విండోస్‌కు చెబుతుంది. ఆ కొంచెం చోటులో పట్టని పాత ప్రతులను విండోస్ తన నియమం ప్రకారం తానే తీసిపారేస్తుంది. ఆ పైన ర్యూక్ మళ్లీ వాటాకు హద్దే లేదని మార్చేస్తుంది, అప్పటికి ఉంచుకోవడానికి పాత ప్రతి ఒక్కటీ ఉండదు.