రాయి చెప్పే చరిత్ర: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో శిలల సేకరణ

1. పరిచయం

శాసనాలు, నాణేల వలెనే రాయి కూడా చరిత్రకు ఆధారమే. మీ ఊరి వాగు ఒడ్డున మీరే స్వయంగా చూడగలిగిన ఆధారం ఇది. అయితే దాన్ని ఎక్కడ సేకరించవచ్చు, ఎక్కడ ముట్టుకోరాదు అన్నది ముందుగా తెలియాలి.

2. రెండు రకాల నేల

సూర్యాపేట చుట్టూ ఉన్న బోడగుట్టలు గ్రానైట్, నీస్ శిలలవి. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వీటి మధ్య తెల్లని పలుగురాయి చారలు కనిపిస్తాయి. కోదాడ, మిర్యాలగూడల నుంచి దక్షిణంగా కృష్ణానది వైపు వెళ్తే పొరలు పొరలుగా సున్నపురాయి బయటపడుతుంది. మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్ల ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిసింది ఈ రాయి వల్లనే.

3. ఫణిగిరి ఇచ్చే ఆధారం

సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండ గ్రానైట్. కాని ఆ కొండపై దొరికిన బౌద్ధ తోరణ శిల్పాలు సున్నపురాయివి. దీన్నిబట్టి మీకేమి అర్థమవుతుంది? రాయిని వేరే చోటు నుంచి కొండపైకి చేర్చారు. దాని వెనుక బండ్లు, దారులు, కూలీలు, ఖర్చు భరించిన దాతలు ఉండి ఉండాలి. రాయి రకాన్ని గుర్తించడం వల్లనే ఈ ప్రశ్న పుట్టింది.

4. కొల్లూరు: రాయికి యజమాని ఎవరు?

కృష్ణకు దక్షిణ తీరాన ఉన్న కొల్లూరు గోల్కొండ రాజ్యంలోని ప్రసిద్ధ వజ్రాల గని. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, సుమారు 60,000 మంది పనిచేసేవారని రాశాడు. వజ్రాల కొనుగోళ్లపై కొంత వంతు రాజుకు చెందేదని కూడా తెలిపాడు. అంటే ఆనాడు కూడా భూమిలోని రాయి దొరికినవారి సొంతం కాలేదు. నేడు కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది. వెళ్లి పరిశీలించే అవకాశం పోయింది, రాతలే మిగిలాయి.

5. మీరు ఎక్కడ సేకరించవచ్చు?

అధ్యయనానికి వాగుల ఇసుక మేటలు, రోడ్డు కోసం తొలిచిన గట్లు అనువైనవి. మిర్యాలగూడ సమీపంలోని వాడపల్లి వద్ద మూసీ, కృష్ణలో కలుస్తుంది. అక్కడి గులకరాళ్లలో ఏవి స్థానికమో, ఏవి నీటితో ప్రయాణించి వచ్చాయో వేరు చేసి చూడండి.

ఈ జాగ్రత్తలు పాటించండి:

అ) పట్టా భూమిలో రైతును, క్వారీలో లీజుదారును, అడవిలో అటవీ శాఖను ముందుగా అనుమతి అడగండి. అమ్మకానికి తవ్వడం 1957 నాటి గనుల చట్టం పరిధిలోకి వస్తుంది.

ఆ) ఫణిగిరి, పిల్లలమర్రి వంటి చారిత్రక స్థలాల నుంచి చిన్న ముక్క కూడా తీయకండి. తెలంగాణలో వారసత్వ సంపద రక్షణకు 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది.

ఇ) పనిముట్టులా చెక్కిన రాయి కనిపిస్తే కదల్చకండి. ఫొటో తీసి, పురావస్తు శాఖకు తెలపండి.

ఈ) సేకరించిన ప్రతి రాయికి స్థలం, తేదీ, చుట్టూ ఉన్న శిల వివరాలు రాసి పెట్టండి. చోటు తెలియని రాయి అలంకారమే గాని ఆధారం కాదు.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫణిగిరి శిల్పాల రాయి బయటి నుంచి వచ్చిందని ఎలా చెప్పగలరు?
2. మీ ఊరి పాత గుడి, బావి లేదా బురుజు ఏ రాయితో కట్టారు? ఆ రాయి దగ్గరలో ఎక్కడ దొరుకుతుంది? పది వాక్యాల్లో రాయండి.