ఒకే ఛానెల్ వద్దనుకున్న ఇద్దరు

అమెరికాలో 1977లో ఏబీసీ టీవీ తన దగ్గరున్న ఇద్దరు వీరనారులను ఒకే ఏడాది వదులుకుంది. ఒకరు లిండా కార్టర్ వేసిన వండర్ ఉమన్. ఇంకొకరు లిండ్సే వాగ్నర్ వేసిన బయోనిక్ ఉమన్, అంటే జేమీ సోమర్స్. మొదటి ఆమెను సీబీఎస్, రెండో ఆమెను ఎన్‌బీసీ చేరదీశాయి. ఒకే గడపలో ఉన్న రోజుల్లోనే ఒక్క ఎపిసోడ్‌లోనూ ఎదురుపడని ఆ ఇద్దరూ అప్పటినుంచి పోటీ ఛానెళ్ల మనుషులయ్యారు. వాళ్లు కలిసి ఒక పని చేయడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. అదీ తెర మీద జరగలేదు, కామిక్ పుస్తకంలో జరిగింది.

జేమీ కథ ముందు చెప్పాలి. ఆమె టెన్నిస్ క్రీడాకారిణి. స్కైడైవింగ్ ప్రమాదంలో ఒళ్లు నుజ్జయితే ఓఎస్ఐ అనే ప్రభుత్వ సంస్థ రెండు కాళ్లు, కుడి చెయ్యి, కుడి చెవి యంత్రాలతో అమర్చి లేపి నిలబెట్టింది. 1975లో 'ది సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్' సీరియల్లో రెండు భాగాల కథ కోసం కెన్నెత్ జాన్సన్ పుట్టించిన పాత్ర అది. హీరో స్టీవ్ ఆస్టిన్‌కు ప్రేయసి. ఆమె ఒంటికి ఆ యంత్రాలు పడక, కథ చివర్లో చనిపోతుంది. ప్రేక్షకులు ఊరుకోలేదు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఛానెల్ దిగొచ్చి అదే ఏడాది ఆమెను బతికించింది. 1976 జనవరికల్లా ఆమెకు సొంత సీరియల్ వచ్చింది. కాలిఫోర్నియాలోని ఓహై అనే ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పే టీచరమ్మ, కబురొస్తే గూఢచారి. ఆ పాత్రకు వాగ్నర్ 1977లో ఎమ్మీ అవార్డు అందుకుంది. ఏబీసీ ఆమెను వదులుకున్నదీ ఆ ఏడాదే.

ఛానెల్ మారేసరికి జేమీ, స్టీవ్‌ల ప్రేమకథ మధ్యలోనే ఆగిపోయింది. అతడు ఏబీసీలో ఉండిపోయాడు, ఆమె ఎన్‌బీసీకి వెళ్లింది. ఇద్దరికీ పైఅధికారి ఆస్కార్ గోల్డ్‌మన్‌గా నటించిన రిచర్డ్ ఆండర్సన్ మాత్రం అదే పాత్రలో రెండు ఛానెళ్లలోనూ కనిపిస్తూ వచ్చాడు. ప్రేమికులకు ఆ వీలు దక్కలేదు. 1994 నాటి టెలిఫిల్మ్‌లో గాని వాళ్ల పెళ్లి జరగలేదు. కల్పిత పాత్రలే అయినా, ఛానెళ్ల మధ్య గోడ రెండు ప్రాణాలను విడదీసిందంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వండర్ ఉమన్ వాళ్లకంటే చాలా పాతది. 1941లో విలియం మౌల్టన్ మార్స్టన్ రాశాడు, హెచ్.జి. పీటర్ బొమ్మలు గీశాడు. మార్స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. అబద్ధం ఆడేటప్పుడు రక్తపోటు పెరుగుతుందా అన్నదాని మీద పరిశోధన చేసినవాడు. ఆయన నాయిక చేతిలోని తాడు పడితే ఎవరైనా నిజం కక్కాల్సిందే. ఆమె పుట్టిల్లు పారడైజ్ ఐలండ్, మన ప్రమీలారాజ్యంలా ఆడవాళ్లే ఏలుకునే సీమ. అంతటి మనిషి 1942లో జస్టిస్ సొసైటీ అనే వీరుల జట్టులోకి వస్తే ఆమెకు ఇచ్చిన పని కార్యదర్శి ఉద్యోగం. మగ వీరులు యుద్ధానికి వెళ్తుంటే ఆమె మినిట్స్ రాస్తూ వెనకే ఉండిపోయేది.

1996లో వండర్ ఉమన్ కామిక్స్ వేసే డీసీ, ఎక్స్-మెన్ కామిక్స్ వేసే మార్వెల్ తమ రెండు లోకాలనూ కలిపాయి. అప్పుడు వండర్ ఉమన్‌కు ఎదురైంది ఎక్స్-మెన్ జట్టులోని స్టార్మ్, గాలివానలను ఆడించే నల్లజాతి వనిత. ఆ ఇద్దరూ కలిస్తే ఎంత కథ నడిపించవచ్చో! కాని వాళ్లను బరిలోకి దించారు. గెలుపు ఎవరిదో పాఠకుల ఓట్లతో తేల్చారు. అప్పటికే మార్వెల్ వీరుడు థోర్ సుత్తి వండర్ ఉమన్ చేతికి వచ్చింది. పోరు సమానంగా ఉండాలని ఆమె దాన్ని పక్కన పెట్టేసింది, చివరికి స్టార్మ్ పిడుగు తగిలి ఓడిపోయింది. ఆ ఓటమిలో నాకు కనిపించేది ఆమె పెద్దమనసే. ఆ తర్వాత ఇద్దరినీ ఒకే శరీరంలో కలిపి 'అమెజాన్' అనే పాత్రను కూడా తయారుచేశారు. కొట్టుకోవాలి, లేదా ఒకరిలో ఒకరు కరిగిపోవాలి. పక్కపక్కన నిలబడే మూడో దారి అప్పటికింకా ఎవరికీ తట్టలేదు.

ఆ దారిని 2016 డిసెంబరులో మొదలైన 'వండర్ ఉమన్ 77 మీట్స్ ది బయోనిక్ ఉమన్'లో చూశాం. డీసీ, డైనమైట్ సంస్థలు కలిసి వేసిన ఆరు సంచికల కథ అది. రాసినది ఆండీ మాంగెల్స్, గీసినది హంగేరీ చిత్రకారిణి యుడిత్ తొందోరా. మాంగెల్స్ వండర్ ఉమన్‌కు వీరాభిమాని. ఆమె బొమ్మలు వేలం వేయించి, ఇంట్లో హింసకు గురైన ఆడవాళ్ల ఆశ్రయాలకు డబ్బు పోగుచేసినవాడు. డయానా, అంటే వండర్ ఉమన్, పనిచేసే ఐఏడీసీ అనే సంస్థ, జేమీ పనిచేసే ఓఎస్ఐ చేతులు కలిపితే ఎలా ఉంటుందన్న ఊహ మీద ఆయన కథ అల్లాడు. వండర్ ఉమన్ గిర్రున తిరిగి వేషం మార్చుకోవడం, జేమీతో తలపడ్డ యంత్రపు ఆడబొమ్మలు ఫెమ్‌బాట్లు, పారడైజ్ ఐలండ్ — ఒక సీరియల్ సొత్తు ఇంకో సీరియల్ మనిషి ముందుకొస్తుంది. ఈ కథలో ఎవరూ ఎవరికీ సహాయకురాలు కారు. మంత్రబలం ఉన్న రాకుమారి, శస్త్రచికిత్సతో నిలబడ్డ టీచరమ్మ ఒకరి బలాన్ని ఒకరు గౌరవిస్తూ పనిచేస్తారు.

ఆ పుస్తకం వచ్చిన రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. వండర్ ఉమన్ 75వ ఏడని ఐక్యరాజ్యసమితి 2016 అక్టోబరులో ఆమెను మహిళా సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. ఆ సభకు లిండా కార్టర్ కూడా వచ్చింది. చాలీచాలని బట్టలు తొడిగిన తెల్లజాతి కల్పిత బొమ్మ ప్రపంచపు ఆడపిల్లలకు ప్రతినిధి ఎలా అవుతుందని సమితి ఉద్యోగులే అభ్యంతరం చెప్పారు. ఆ మాటలో న్యాయముంది. డిసెంబరులో ఆ పదవి ముగిసింది. అదే డిసెంబరులో, అమెరికా కామిక్స్ దుకాణాల్లో, ఆమె పక్కన జేమీ సోమర్స్ నిలబడి ఉంది.