ఫిలిప్ నికోలాయ్ కీర్తనలు

ఫిలిప్ నికోలాయ్ (ఆగస్టు 10, 1556 - అక్టోబరు 26, 1608) జర్మనీకి చెందిన లూథరన్ మతబోధకుడు, కీర్తనకారుడు. ఆయన రచించిన "వాఖెట్ ఔఫ్" (మేలుకొనుడు), "వీ షోన్ లాయిష్టెట్" (ఎంత రమ్యముగా ప్రకాశించుచున్నది) అనే రెండు కీర్తనలు, దైవప్రేమను వధూవరుల అనురాగంగా చిత్రించిన క్రైస్తవ గీతాలలో సుప్రసిద్ధమైనవి. జర్మన్ కీర్తన సంప్రదాయంలో మొదటిదానిని రాజు అని, రెండవదానిని రాణి అని వ్యవహరిస్తారు.

నేపథ్యం

భగవంతుని వరునిగా, మానవాత్మను వధువుగా భావించడానికి బైబిలులోని పరమగీతము ముఖ్యమైన ఆధారం. 12వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు సన్యాసి బెర్నార్డ్ ఆఫ్ క్లేర్వో ఈ గ్రంథంపై 86 ప్రసంగాలు రచించాడు. ఇందలి వధువును క్రైస్తవ సంఘంగాను, ఒక్కొక్క భక్తుని ఆత్మగాను కూడా వ్యాఖ్యాతలు వివరించారు. ఈ భావనను లూథరన్ కవులు కూడా స్వీకరించారు. మన మధురభక్తితో దీనికి పోలిక ఉన్నప్పటికీ రెండూ వేర్వేరు సంప్రదాయాలు.

రచనా సందర్భం

నికోలాయ్ 1596లో వెస్ట్‌ఫేలియా ప్రాంతంలోని ఉన్నా పట్టణానికి బోధకుడుగా వచ్చాడు. మరుసటి సంవత్సరం అక్కడ ప్లేగు వ్యాధి ప్రబలి సుమారు 1300 మంది మరణించారు. ఆయన నివాసం శ్మశానవాటికను ఆనుకొని ఉండేది. ప్రతిదినం ఖననాలు జరుగుతుండగా ఆయన నిత్యజీవాన్ని గురించి ధ్యానిస్తూ ఒక గ్రంథం రచించాడు. "నిత్యజీవపు ఆనంద దర్పణం" అని అర్థం వచ్చే పేరుతో అది 1599లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రచురితమైంది. పై రెండు కీర్తనలు, వాటి బాణీలు అందులోనివే.

నికోలాయ్ వద్ద చదువుకున్న వాల్డెక్ ప్రభువు విల్‌హెల్మ్ ఎర్నస్ట్ 1598లో బాల్యం దాటకుండానే మరణించాడు. "వీ షోన్ లాయిష్టెట్" ఏడు చరణాల మొదటి అక్షరాలు ఆ శిష్యుని పేరును, బిరుదును సూచిస్తాయి. ఈ విధంగా ప్రేమగీతంలోనే స్మృతిగీతం కూడా ఇమిడి ఉన్నది.

కీర్తనల స్వరూపం

"వీ షోన్ లాయిష్టెట్"కు రాజు వివాహాన్ని వర్ణించే 45వ కీర్తన ఆధారం. "వాఖెట్ ఔఫ్"కు మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానం మూలం. మధ్యయుగపు జర్మన్ ప్రేమగీతాలలో కావలివాడు తెల్లవారుతున్నదని హెచ్చరించి ప్రేమికులను విడదీస్తాడు. నికోలాయ్ దీనిని తారుమారు చేశాడు. ఆయన గీతంలో కావలివారు అర్ధరాత్రి కేక వేసేది వరుడు వస్తున్నాడని తెలుపడానికే. ఎడబాటును తెలిపే స్వరం కలయికను ప్రకటించే స్వరంగా మారింది. మరణం మధ్య నివసిస్తున్నవారికి ఈ మార్పు గొప్ప ఓదార్పు.

బాఖ్ స్వరరచనలు

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఈ రెండు కీర్తనల ఆధారంగా కాంటాటాలు స్వరపరిచాడు. కాంటాటా అనగా గాయకులు, వాద్యబృందం కలిసి వినిపించే సంగీత రచన. "వీ షోన్ లాయిష్టెట్" కాంటాటాను 1725 మార్చి 25న, "వాఖెట్ ఔఫ్" కాంటాటాను 1731 నవంబరు 25న లైప్‌జిగ్ నగరంలో తొలిసారి వినిపించారు. రెండవదానిలో రెండు యుగళగీతాలు ఉన్నాయి. వీటిలో ఆత్మ పాత్రను సొప్రానో అనే హెచ్చుస్థాయి కంఠం, క్రీస్తు పాత్రను బాస్ అనే మంద్రకంఠం పాడతాయి. మొదటి యుగళగీతంలో నిరీక్షణ, ఆతురత వ్యక్తమవుతాయి. ఆరవ భాగమైన రెండవ యుగళగీతంలో కలయికలోని ఆనందం వినిపిస్తుంది.

ప్రభావం

బాఖ్ ఇదే కాంటాటాలోని నాలుగవ భాగాన్ని తరువాత ఆర్గన్ వాద్యానికి అనువుగా మార్చాడు. మెండెల్‌సోన్ 1836 నాటి "సెయింట్ పాల్" ఆరటోరియోలో "వాఖెట్ ఔఫ్" బాణీని ఉపయోగించాడు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు ఆరాధనలలో ఈ కీర్తనను అనేక భాషలలో నేటికీ పాడుతున్నారు.