విజయపురి ప్రేక్షాగారము

తగరపువలస పరిసరములలోని పల్లెలకు తూర్పు భాగవతము వచ్చిన రోజులలో రంగస్థలమునకై ఎవరును వెదకుకొనలేదు. నాలుగు రాటలు పాతి, పందిరి వేసి, దీపములు పెట్టినచో ఆట సాగిపోయెడిది. మృదంగము మ్రోగగానే జనము చాపలు పరచుకొని చుట్టును చేరెడివారు. తెల్లవారిన పిదప పందిరి విప్పుదురు. రాత్రి సత్యభామ నిలిచిన నేల పగటివేళ మరల మామూలు వీధియే అగును.

మన నాటకకళ ఇల్లు కట్టుకొనక, ఊరూర విడిది చేయుచు పెరిగిన కళ. ఆ బాటలోనే ముందునకు పోయినచో తగులు విజయనగరములో 1892లో ‘కన్యాశుల్కము’ మొదటిసారి ప్రదర్శింపబడినది. ఆ నాటకము గ్రంథమై నిలిచినది. కాని ఆనాటి రంగము నేడు మన కన్నులకు కట్టదు. ఇట్టి దేశములో, దానికి పదునారు వందల ఏండ్లకు పూర్వమే ఇటుకతోను రాతితోను కట్టిన ప్రేక్షాగారము ఒకటి ఉండెనన్న సంగతి శ్రోతలకు ఆశ్చర్యము కలిగింపవచ్చును. అది కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో బయటపడినది.

1926లో రంగస్వామి సరస్వతి గారు ఆ లోయలోని శిథిలములను గుర్తించిరి. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వకములు జరిపెను. అది ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. శాతవాహనుల ప్రాభవము అంతరించిన పిదప, క్రీస్తు శకము మూడవ శతాబ్దములో, వాసిష్ఠీపుత్ర శాంతమూలుడును, అతని కుమారుడు వీరపురుషదత్తుడును, మనుమడు ఎహువుల శాంతమూలుడును అచ్చట ఏలిరి. రాజులు వైదికయజ్ఞములు చేయగా, రాణివాసపు స్త్రీలు బౌద్ధచైత్యములకు దానము లిచ్చిరి. ఆ వంశము అంతరించినంతనే నగర వైభవము తరిగినది. కట్టడములు మట్టిలో కలిసినవి.

సాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యమున పెద్ద యెత్తున త్రవ్వకములు సాగినవి. నూటికి పైగా స్థలములు వెలికివచ్చినవి. వానిలో మన కథకు సంబంధించినది దీర్ఘచతురస్రాకారపు ఆవరణ ఒకటి. నడుమ అంకణము 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. నాలుగు వైపులను ఇటుకతో కట్టి, సున్నపురాతి పలకలు పరచిన మెట్లు. ఒక్కొక్క మెట్టు వెడల్పు రెండడుగులు. ఇంచుమించు వేయిమంది కూర్చుండుటకు చాలును.

అచ్చట ఏమి జరిగెడిది? ఈ విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. కొందరు నాట్యప్రదర్శన మనిరి. కొందరు మల్లయుద్ధ మనిరి. భరతుని నాట్యశాస్త్రము చెప్పు నాటకశాల వేరు. అది పైకప్పు గలది, కొండగుహను పోలినది. మనుష్యులకు తగిన శాల పొడవు 64 మూరలు, వెడల్పు 32 మూరలు. అంతకు మించినచో నటుని పలుకు స్పష్టముగా వినబడదనియు, ముఖభావము కనబడదనియు భరతుడు హెచ్చరించెను. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున రామగఢ్ కొండలోని సీతాబెంగా గుహను ప్రాచీన నాటకశాల యని పలువురు తలచుటకు ఇట్టి పోలికయే కారణము. విజయపురి ఆవరణకు కప్పు లేదు. ప్రేక్షకులు నాలుగు దిక్కుల నుందురు. ఇది రోమకుల క్రీడారంగమును తలపించును. లోయలో రోమక నాణెములు దొరకినవి కనుక ఆ పోలికను త్రోసివేయుటకు వీలులేదు.

అయినను కొలతలను గమనింపుడు. అంకణము నడుమ నిలిచిన మనిషికి నాలుగు వైపులను ఎదురుగా నున్న మెట్టు 27 అడుగులకు మించిన దూరమున లేదు. రథములు పరుగిడుటకు ఇది చాలదు. కనుబొమ్మ కదలిక కనబడుటకు చాలును. ఒకనాడు కుస్తీ, ఒకనాడు నృత్యము జరిగెనన్నను తప్పులేదు. మన ఊళ్లలో ఒకే మైదానము తిరునాళ్లకును, కోలాటమునకును పనికివచ్చుట లేదా?

లోయ మునుగక మున్నే తొమ్మిది కట్టడములను విప్పి, ఎత్తైన చోట్ల తిరిగి నిలిపిరి. కొన్ని కొండ నెత్తమునకు చేరినవి. కొండ చుట్టును నీరు నిండి అది దీవియైనది. ఈ ప్రేక్షాగారము తూర్పుగట్టున అనుపునకు చేరినది. మేము అచ్చట అడుగున నిలిచి, ఆకాశవాణి గదిలో మాటలాడు గొంతుతోనే మాటలాడితిమి. పై మెట్టుపై నున్న మా మిత్రులకు ప్రతి అక్షరమును వినబడినది. వృత్తిరీత్యా శబ్దముతోనే కాలము గడుపు మాకు అది చిన్న సంగతి కాదు. కాని విజయపురి వీధులు, కోట, ప్రేక్షకులు నడచివచ్చిన దారి, ఇవన్నియు నీటి అడుగున నున్నవి. కట్టడమును తరలింపవచ్చును గాని దాని ఊరిని తరలింపలేము.

అందుచేతనే త్రవ్వకములలో గీచిన పటములకును, తీసిన కొలతలకును అంత విలువ. ఆరేండ్ల ఆ శ్రమ లేనిచో, అనుపులో నున్నది ఏ నగరములో ఎచ్చట నుండెనో చెప్పు ఆధారము లేకపోయెడిది. మన పట్టణములలో పాత నాటకశాలలను పడగొట్టునపుడు ఈపాటి శ్రద్ధయైనను చూపుచున్నామా? రంగము ఎంత లోతు, తెర ఎచ్చట, స్త్రీలు కూర్చుండినది ఎచ్చట అని వ్రాసి ఉంచుటకు ఒక దారపు ఉండ, ఒక కాగితము చాలును. తగరపువలస వంటి ఊళ్లలో ఏ మేళము ఏ వీధిలో ఆడెనో చెప్పగల పెద్దలు ఇంకను ఉన్నారు. వారు చెప్పునది వినుటకు ఏ ఆనకట్టయు అడ్డు రాలేదు. మన ఆలస్యమే అడ్డు.