దీపాల భారం ఇంజనుపై పడిన కథ

చీకటి పడినవేళ రైల్వేగేటు వద్ద ఒక మోటారుకారు ఆగి ఉన్నది. బండి కదలకున్నా ఇంజను మెల్లగా తిరుగుతూనే ఉన్నది. మెకానిక్కులు దీనిని ‘ఐడ్లింగ్’ అంటారు. డ్రైవరు ముందుదీపాలు వెలిగించి, లోపలి పంకా వేశాడు. వెంటనే ఇంజను వేగం పడిపోయి, స్టీరింగు చక్రం చేతిలో వణకసాగింది. రెండింటినీ ఆపగానే వణుకు తగ్గింది. పెట్రోలుతో నడిచే ఇంజనుకు దీపంతో సంబంధమేమి?

దీనికి మూలసమాధానం మోటారుకారు పుట్టుకకు అర్ధశతాబ్దం ముందే లభించినది. 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. 1834లో రష్యాలో లెంజ్ దానికి ఒక నియమం చేర్చాడు. ప్రేరిత విద్యుత్తు తన పుట్టుకకు కారణమైన చలనాన్నే ఎదిరిస్తుందని ఆ నియమం చెప్తుంది. కనుక డైనమోనుండి ఎంత ఎక్కువ విద్యుత్తు తీసుకుంటే, దానిని తిప్పడం అంత కష్టమవుతుంది. వెలుగు ఊరకే రాదు. దాని వెల ఎవరో చెల్లించాలి. ఆ వెల ఎవరు చెల్లించారన్నదే ఈ చరిత్ర.

తొలినాటి కార్లలో ఈ సమస్య లేదు. నిప్పురవ్వ కొరకు మాగ్నెటో ఉండేది. వెలుతురుకు కార్బైడు దీపాలు. ఇంజనును చేతిపిడితో తిప్పి బయలుదేరదీసేవారు. పిడి ఎదురుతన్ని చేతులు విరిగిన వారెందరో. 1915నుండి ఫోర్డు ‘మోడల్ టి’ కార్ల ముందుదీపాలకు మాగ్నెటోనుండే విద్యుత్తు అందించారు. ఇంజను వేగంతోపాటు వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండేది. బండి నెమ్మదించగానే దీపం మసకబారేది. చీకటిలో దారి చూడాలంటే ఇంజనును వేగంగా తిప్పవలసి వచ్చేది.

ఇంతలో అమెరికాలోని డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ విద్యుత్తుతో ఇంజనును తిప్పే స్టార్టరును రూపొందించాడు. 1912 నమూనా కాడిలాక్ కార్లలో దానిని అమర్చారు. స్టార్టరుకు బ్యాటరీ కావాలి. బ్యాటరీని నింపడానికి డైనమో కావాలి. ఆ విధంగా మోటారుకారులో ఒక చిన్న విద్యుత్ కేంద్రం వెలసినది.

అయితే డైనమోకు ఒక లోపం కలదు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీ వోల్టేజికన్న తక్కువగా ఉంటుంది. అప్పుడు బ్యాటరీనుండి విద్యుత్తు వెనుకకు ప్రవహించకుండా ‘కటౌట్’ అనే మీట వలయాన్ని తెంపుతుంది. అంటే బండి ఆగి ఉన్నంతసేపు దీపాల భారమంతా బ్యాటరీదే; ఇంజనుకు ఆ సంగతే తెలియదు. రాత్రివేళ రద్దీలో మాటిమాటికి ఆగుతూ తిరిగిన బండి తెల్లవారి కదలక మొరాయించేది.

డైనమోను ఇంకా వేగంగా తిప్పవచ్చు కదా అనవచ్చు. కాని అందులో బరువైన తీగచుట్టలే తిరుగుతాయి. బండి పరుగెత్తినప్పుడు అవి విడిపోయే ప్రమాదమున్నది. ఆల్టర్నేటరులో ఏర్పాటు తలక్రిందులు: తేలికైన అయస్కాంత భాగం తిరుగుతుంది, విద్యుత్తునిచ్చే తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. దానిని ఇంజనుకు రెండు మూడు రెట్ల వేగంతో తిప్పవచ్చు. అయితే అది ఇచ్చేది ఏకాంతర ప్రవాహం. బ్యాటరీకి కావలసినది ఏకముఖ ప్రవాహం. ఈ మార్పును చిన్న సిలికాన్ డయోడులు సుసాధ్యం చేశాయి. క్రైస్లర్ సంస్థ 1960 నమూనా వేలియంట్ కారులో ఆల్టర్నేటరును అమర్చి, మరుసటి ఏడు తన కార్లన్నిటికీ విస్తరించినది.

బ్యాటరీ కష్టం తీరినది; కాని ఆ అప్పు ఇంజను పద్దులో చేరినది. లెక్క చూడండి. దీపాలు, పంకాలు, వెనుక అద్దం వేడిచేసే తీగలు కలిసి 14 వోల్టులవద్ద 40 ఆంపియర్లు తీసుకున్నాయనుకుందాం. అది 560 వాట్లు. ఆల్టర్నేటరులోను, బెల్టులోను కలిగే నష్టాలతో ఇంజను దాదాపు 1,000 వాట్లు, అనగా సుమారు 1.3 అశ్వశక్తి, ఇవ్వవలసి ఉంటుంది. తన ఘర్షణను మాత్రమే జయిస్తూ తిరిగే ఇంజనుకు ఇది చిన్న బరువు కాదు. అందుకే 1980 దశకంనుండి అనేక కార్లలో, భారం పెరిగినప్పుడు మరికొంత గాలిని పంపి వేగాన్ని నిలిపే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు వచ్చాయి.

ఈ కథ తెలిస్తే వణుకుకు కారణం వెదకడం సులభం. బండిని గేరునుండి తప్పించి, చేతిబ్రేకు వేసి, బ్యాటరీ కొనలవద్ద వోల్టుమీటరు పెట్టాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. తిరుగుతుండగా చాలా బండ్లలో 13.8 నుండి 14.4 వరకు ఉంటుంది. కంప్యూటరే వోల్టేజిని మార్చే కొత్త బండ్లకు తయారీదారు ఇచ్చిన అంకెలే ప్రమాణం. ఇప్పుడు దీపాలు, పంకా ఒక్కొక్కటిగా వేయాలి. వోల్టేజి నిలకడగా ఉండి ఇంజను మాత్రమే వణికితే దోషం ఇంజనుదే: గాలిదారిలో మసి, గొట్టంలో చీలిక, అరిగిన స్పార్కు ప్లగ్గు వంటివి చూడాలి. వోల్టేజి 13 కన్న దిగజారితే, జారుతున్న బెల్టు, కాలిన డయోడు, త్రుప్పుపట్టిన ఎర్తు తీగ పరీక్షించాలి. వోల్టేజి తగ్గితే నిప్పురవ్వ కూడా బలహీనపడుతుంది.

ఒక హెచ్చరిక అవసరం. డైనమోల కాలంలో కొందరు మెకానిక్కులు ఇంజను తిరుగుతుండగానే బ్యాటరీ తీగను ఊడదీసేవారు. ఇంజను ఆగకపోతే డైనమో బాగున్నట్లు లెక్క. ఆనాటి బండిలో డయోడులు గాని కంప్యూటరు గాని లేవు. ఆల్టర్నేటరు ఉన్న బండిలో అదే పని చేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఎగసి, డయోడులనూ కంప్యూటరునూ కాల్చివేయగలదు. యంత్రం మారినప్పుడు పరీక్ష కూడా మారవలెను.

పాఠశాలలో దీనిని చూపడానికి కారు అక్కరలేదు. సైకిలును స్టాండుపై నిలిపి, డైనమోను చక్రానికి ఆనించి, బల్బు తీగ ఊడదీసి పెడలు త్రిప్పాలి. తరువాత తీగ కలిపి త్రిప్పాలి. బల్బు వెలిగినప్పుడు చేతికి తగిలే అదనపు బరువే రైల్వేగేటు వద్ద ఇంజనును వణికించినది.